నగర రేఖాచిత్రణము : కోలారు బంగారు గనుల సీమ

ఒక ఊరి వీధిలోనో, సంతలోనో, దేవాలయ ప్రాంగణములోనో, రైలు నిలయములోనో కూర్చుండి, కన్నులయెదుట నున్నదానిని అప్పటికప్పుడు పెన్సిలుతోగాని, కలముతోగాని, నీటిరంగులతోగాని చిన్న పుస్తకములో గీసికొనుటకు నగర రేఖాచిత్రణమని పేరు. ఛాయాచిత్రమును చూచి గీయుటయు, జ్ఞాపకమునుండి కల్పించుటయు దీనిలో చేరవు. గీయువాడు ఆ స్థలముననే యుండవలెను, చూచినదానినే గీయవలెను, గీసిన దినమును, చోటును చిత్రముక్రింద వ్రాయవలెను. ఈ నియమములు చూచుటకు స్వల్పములే యైనను, వీనివలననే అట్టి చిత్రము ఒక కాలమునకు, ఒక స్థలమునకు సంబంధించిన సాక్ష్యపత్రముగా నిలుచుచున్నది. కర్ణాటక రాష్ట్రమున తూర్పు అంచున ఆంధ్రదేశము నానుకొనియున్న కోలారు జిల్లా, అందును కె.జి.ఎఫ్. అని అందఱు పిలుచు కోలారు బంగారు గనుల పట్టణము, ఈ విధమైన పరిశీలనకు దక్షిణదేశమున మిక్కిలి అనుకూలమైన సీమలలో నొకటి.

ఈ పద్ధతికి నేటి ప్రపంచవ్యాప్తమైన రూపము నిచ్చినవాడు గేబ్రియేల్ కాంపనారియో. బార్సిలోనాలో జన్మించి, అమెరికాలోని సియాటిల్ నగరమున పత్రికాచిత్రకారుడుగా స్థిరపడిన యీతడు, తాను క్రొత్తగా చేరిన యూరిని తెలిసికొనుటకై వీధులలో కూర్చుండి బొమ్మలు గీయనారంభించి, తనవంటి వారిని 2007 లో అంతర్జాలమున ఒకచోట చేర్చెను. 2009 లో అది ‘అర్బన్ స్కెచర్స్’ అను లాభాపేక్షలేని సంస్థ యయ్యెను. మఱుసటి సంవత్సరము పోర్ట్‌లండ్ నగరమున తొలి మహాసభ జరిగెను. సింగపూరు, మాంచెస్టరు, పోర్టో మున్నగు నగరములలో తరువాతి సభలు జరిగినవి. కోలారునకు పడమట నున్న బెంగుళూరులో ‘పెన్సిల్ జామ్’ అను బృందమువారు సెలవుదినములందు పార్కులలోను, పాతపేటలలోను గుమిగూడి గీయుచుందురు.

పూర్వచరిత్ర:— పేరు క్రొత్తదేకాని పని క్రొత్తది కాదు. మైసూరు సీమలో ఊళ్లు తిరిగి గీయుట టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధములనాటికే కలదు. కారన్‌వాలిస్ సేనవెంట నడచిన రాబర్ట్ హోమ్ అను చిత్రకారుడును, కోల్‌బ్రుక్ అను సర్వే అధికారియు తాము చూచిన దుర్గములను, కట్టడములను గీసి 1794 లో వేఱువేఱు సంపుటములుగా ప్రకటించిరి. జేమ్స్ హంటర్ అను సైనికోద్యోగి గీసిన మైసూరు దృశ్యములు అతని మరణానంతరము 1805 లో వెలువడినవి. వీరందఱిది దండు విడిసినవారి దృష్టి. కోట యెంత యెత్తున నున్నది, దాని కెట్లు ఎగబ్రాకవలెనన్న చింతయు, స్వదేశమందలి కొనుగోలుదారుల కింపుగా నుండవలెనన్న యాశయు ఆ చిత్రములను నడపినవి. ఊరివారు వీరి చిత్రములలో చెట్టునీడన చిన్న బొమ్మలై మాత్రమే కనబడుదురు.

దీనికి భిన్నమైన మార్గము 1799 లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట కర్నల్ కాలిన్ మెకెంజీ ఆధ్వర్యమున ప్రారంభమైన మైసూరు సర్వేతో వచ్చినది. ఈ సర్వేలో గ్రామముల హద్దులు కొలుచువారితోపాటు శిల్పములను, శాసనములను ప్రతిచేయు చిత్రలేఖకులును, ఊరి పెద్దల నడిగి పూర్వవృత్తాంతములను వ్రాసికొను పండితులును ఉండిరి. ఈ రెండవపనికి ప్రాణమైనవారు ఏలూరువారైన కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. ఒక కట్టడమును గీయుట, దానిని గూర్చి అక్కడివారిని అడుగుట, ఆ రెంటిని ఒకేచోట పదిలపఱచుట అను క్రమమును దక్షిణదేశమున విస్తారముగా నడపినవారిలో మన తెలుగువారు ముందున్నారన్నమాట. తరువాతి కాలమున రాజమహేంద్రవరము కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహమున దామెర్ల రామారావు (1897–1925) స్కెచ్ పుస్తకములు చేతబట్టి గీసిన రేఖాచిత్రములు ఆ నగరమందలి ఆయన చిత్రశాలలో నేటికిని కలవు. నగర రేఖాచిత్రణము పాశ్చాత్యుల వినోదమని తలచువారు ఈ పరంపరను మఱచినవారు.

కోలారు బంగారు గనుల కథయు ఈ సర్వేతోడనే ముడిపడియున్నది. మెకెంజీ సహాయకులలో జాన్ వారెన్ అను లెఫ్టినెంటు ఒకడు. 1802 లో మైసూరు తూర్పు సరిహద్దును కొలుచుచు ఈ ప్రాంతమునకు వచ్చినపుడు, భూమిలో బంగారమున్నదన్న వదంతిని విని, దానిని చూపినవారికి బహుమతి యిత్తునని ప్రకటింపగా, గ్రామస్థులు బండ్లమీద మన్ను తెచ్చి అతని యెదుటనే కడిగి బంగారు రేణువులను చూపిరి. మారికుప్పము వద్ద స్థానికులు గోతులు త్రవ్వి, రాళ్లు పైకి తెచ్చి, నలుగగొట్టి బంగారము తీయుటను అతడు కన్నులార చూచెను. ఈ వారెనే తరువాత మద్రాసు నక్షత్రశాలలో పనిచేసి, మన పంచాంగ గణితమును వివరించు ‘కాలసంకలిత’ మను గ్రంథమును 1825 లో ప్రకటించెను. అతడు వ్రాసిన గనుల వృత్తాంతము చాలకాలము మఱుగున పడియుండి, 1871 లో మైకేల్ లెవెల్ అను ఐరిష్ మాజీ సైనికుని కంటబడినది. బెంగుళూరునుండి ఎద్దుబండిపై వచ్చి చూచి, మైసూరు ప్రభుత్వమునుండి అనుమతి పొందినవాడు ఈ లెవెలే. 1880 లో జాన్ టెయిలర్ అండ్ సన్స్ అను లండను సంస్థ పనిని చేపట్టిన తరువాతనే బంగారము గణనీయముగా లభింపసాగెను. 1902 లో కావేరిపైనున్న శివసముద్రము జలపాతమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలద్వారా విద్యుచ్ఛక్తి యిక్కడకు తేబడినది. నాటికది ప్రపంచమున మిక్కిలి దీర్ఘమైన విద్యుత్ప్రసారములలో నొకటి. గనులు 1956 లో మైసూరు ప్రభుత్వమునకు, 1962 లో కేంద్రప్రభుత్వమునకు వచ్చి, 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థగా రూపొంది, 2001 ఫిబ్రవరి 28 వ తేదీన మూతబడినవి. అప్పటికి ఇక్కడినుండి ఎనిమిది వందల టన్నులకు పైబడిన బంగారము బయటకు పోయియుండెను.

గనుల పట్టణము:— కె.జి.ఎఫ్. ఒక్క ఊరు కాదు. ఊరుగాం, చాంపియన్ రీఫ్, మారికుప్పం, కోరమాండల్, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అను పలు వాడల సముదాయము. తక్కిన పట్టణములవలె నది కోటచుట్టునో, కోవెలచుట్టునో, నదీతీరముననో పెరుగలేదు; భూమిలోపల నేటవాలుగా పోవు స్ఫటికశిలల పొరను వెంబడించి, షాఫ్టు (గనిలోనికి దిగు నిలువు బావి) వెంట షాఫ్టుగా ఉత్తరదక్షిణములుగా సాగినది. కనుక దీనిని గీయబూనినవాడు ముందుగా ఏ ఎత్తయిన తావుననైన నిలిచి, ఆ షాఫ్టులపై నిలిచిన ఇనుప గోపురముల వరుసను ఒక పొడవైన పుటలో గుర్తించుకొనుట మంచిది. పటములో కనబడని భూగర్భమార్గము ఆ వరుసలో కనబడును.

షాఫ్టుపై నుండు ఇనుప నిర్మాణమును ఇంగ్లీషులో హెడ్‌గేర్ అందురు. దానిని గీయుటలో పలువురు చేయు తప్పు, దానిని నాలుగు కాళ్లు సమముగా నిలిచిన విద్యుత్ స్తంభముగా భావించుట. దాని శిరస్సున చక్రములుండును; వానిమీదుగా పోవు ఉక్కుత్రాడు ఒక కొన షాఫ్టులో దిగు ఇనుప పంజరమైన కేజీకి కట్టబడి, రెండవకొన దూరముననున్న యంత్రగృహములోని పెద్ద పీపాకు చుట్టబడియుండును. త్రాడు ఎటు లాగునో అటువైపు ఏటవాలుగా రెండు కాళ్లు బలముగా చాచియుండును. ఆ వాలుకాళ్ల దిక్కును, త్రాడు పోయిన వాలును సరిగా గీసినచో, యంత్రగృహము కూలిపోయినను, అది ఎక్కడ నుండెనో చూపఱి చెప్పగలడు. ఈ విషయము పుస్తకములు చదివి నేర్చుకొనుటకంటె, ఆ యినుమును పదునైదు నిమిషములు కన్నార్పక చూచి గీయుటవలన సులభముగా తెలియును. గనులు మూతబడిన తరువాత యంత్రములు తుప్పుపట్టుటయు, ఇనుము తరలిపోవుటయు జరుగుచునే యున్నవి గనుక, ఇట్టి చిత్రములకు విలువ యేటేట పెరుగును.

గనులలో చాంపియన్ రీఫ్ సుమారు 3.2 కిలోమీటర్ల లోతునకు దిగి, ప్రపంచములోని మిక్కిలి లోతైన గనులలో నొకటిగా ప్రసిద్ధిచెందెను. 1965 లో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలసి, వాతావరణమున పుట్టు న్యూట్రినోల జాడలను ఇక్కడి భూగర్భముననే తొలిసారిగా కనుగొనిరి. ఈ లోతులు నేడు జలమయములై మానవునికి దూరమైనవి. భూగర్భమును గీయుట అసాధ్యమా యనిన, కానేకాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941–42 లో, శిల్పి హెన్రీ మూర్ తన తండ్రి పనిచేసిన కాజిల్‌ఫర్డ్ ప్రాంతపు బొగ్గుగనిలోనికి దిగి, ఒక చిన్న పుస్తకములో గుఱుతులు వ్రాసికొని, పైకి వచ్చిన పిదప వానిని పెద్ద చిత్రములుగా తీర్చెను. చీకటిలోనుండి మనుష్యుని భుజము, ముంజేయి, దీపము మాత్రమే వెలికివచ్చునట్లు మైనపు రంగుకడ్డీలతోను సిరాతోను గీసిన యా చిత్రములు గనిపనివారి చిత్రణలో ఒక మేలుబంతి. కోలారు గనులు పనిచేసిన నూటయిరువది సంవత్సరములలో ఇట్టి చిత్రకారుడొకడు కేజీలో క్రిందికి దిగియుండిన నెంత బాగుండెడిదో!

మీది భాగమున నున్నవానిలో ముందుగా సందర్శకుల కన్ను నాకర్షించునవి దొరల బంగళాలు. పెంకుల కప్పులు, చుట్టును వరండాలు, విశాలమైన తోటలు, 1885 లో స్థాపింపబడిన క్లబ్బు, గోల్ఫ్ మైదానము, క్రైస్తవాలయములు, ఆసుపత్రి – వీనివలన ఈ తావునకు ‘చిన్న ఇంగ్లండు’ అను పేరు వచ్చినది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నుండుటచే వాతావరణము చల్లనిది. ఇంగ్లండులోని కార్నవాల్ గనులనుండి వచ్చిన మేస్త్రీలు, ఆంగ్లో-ఇండియనులు తమ తమ హోదాననుసరించి ఈ వాడలలో నివసించిరి. వారసత్వమనగానే వార్తాపత్రికలును యాత్రికులును ఎత్తుకొనునది ఈ భాగమునే. బంగళా గీయుటకు సుందరమైనది, నిజమే. నీడలు లోతుగా నుండును, చెట్లు చట్రము కట్టినట్లు నిలుచును. కాని కె.జి.ఎఫ్.లో బంగళాలను మాత్రము గీసి తిరిగిపోయినవాడు జమాఖర్చుల పుస్తకములో జమ పుటను మాత్రమే చదివినవాడు.

రెండవ పుట పేరు ‘లైన్లు’. కార్మికులు కాపురముండిన వరుస యిండ్లను ఇక్కడివారు ఇప్పటికిని లైన్లనియే పిలుతురు. ఒకే పొడవైన కప్పుక్రింద, మధ్యగోడలతో వేఱుపడిన చిన్నచిన్న గదులు, గదికొక తలుపు, తలుపుముందు కొంచెము అరుగో, వాకిలియో. తొలినాళ్లలో ఇవి వెదురుతట్టీల గోడలతో నుండి, క్రమముగా రేకులకు, రాతికి, ఇటుకకు మాఱినవి. ఉత్తర ఆర్కాటునుండి, నేటి చిత్తూరు ప్రాంతమునుండి వచ్చిన తమిళ, తెలుగు కుటుంబములు – అందు అత్యధికులు దళితులు – ఈ గదులలో తరములు గడపిరి. చిత్తూరు జిల్లా 1911 లో ఏర్పడినది. అంతకుముందు వచ్చిన వారందఱు ఆర్కాటువారుగానే లెక్కకెక్కిరి గనుక, ఆ జనములో తెలుగువారెందఱో పేరునుబట్టి తెలిసికొనుట కష్టము. మాటనుబట్టి తెలియును.

లైను గీయుట చిత్రకళావిద్యార్థికి మంచి పరీక్ష. అన్ని తలుపులు ఒకేరీతిగా నుండుటచే, క్షితిజరేఖను, రేఖలన్నియు కలసిపోవు బిందువును సరిగా నిర్ణయించుకొననిచో వరుస అంతయు వంకరపోవును. ఆ కష్టము దాటిన తరువాతనే అసలుపని మొదలగును. ఏలయన కంపెనీ కట్టినపుడు ఒకేరీతిగా నుండిన యీ తలుపులు నేడు ఒకదానివలె నొకటి లేవు. ఒకరు రేకు పందిరి దించుకొనిరి. ఒకరు మెట్టుకు ఎఱ్ఱరంగు పూసిరి. ఒకరు తులసికోట కట్టిరి. ఆ ప్రక్కవారు మేరీమాత పటమునకు గూడు చేసిరి. వేఱొక గోడపై అంబేద్కరు చిత్రము వెలసినది. ఈ భేదములను ఒక్కొక్కటిగా గీసినపుడు, కంపెనీ యిచ్చిన గదిని మనుష్యుడు తన యిల్లుగా ఎట్లు చేసికొనెనో ఆ పుటయే చెప్పును. ఇట్టివి పురావస్తుశాఖవారి పట్టికలలో చేరవు. ఛాయాచిత్రములో వెలుగునీడల మధ్య జాఱిపోవును. చేతితో గీయువాడు మాత్రము వానిని తప్పించుకొనజాలడు.

సైనైడ్ దిబ్బలు:— పట్టణమునకు ఏ దిక్కునుండి వచ్చినను ముందుగా కనబడునవి సైనైడ్ గుట్టలని జనులు పిలుచు ఈ దిబ్బలు. గనినుండి వచ్చిన రాతిని పొడిచేసి, పాదరసముతోను, తరువాత సైనైడ్ ద్రావణముతోను బంగారమును వేఱుపఱచిన పిదప మిగిలిన మెత్తని మడ్డిని నీటితో కలిపి పారించగా, పొరపై పొరగా పేరుకొని ఇవి పెరిగినవి. మూడుకోట్ల టన్నులకు పైబడిన మడ్డి వీనియందున్నదని అంచనా. శిఖరము చదునుగా నుండి, ప్రక్కలను వర్షధారలు కోసిన నిలువుచారలు కలిగియుండుట వీని లక్షణము. సహజమైన కొండకును వీనికిని గల భేదమును చూపవలెనన్నచో, ఆ చదునైన నెత్తిని సరళరేఖగా ధైర్యముగా గీసి, క్రిందికి దిగుచున్న చారలను దగ్గఱదగ్గఱగా వేయవలెను. రంగు ప్రాతఃకాలమున బూడిదవలెను, సాయంకాలమున పసుపు కలసిన గోధుమవర్ణముగను తోచును. 2018 లో వెలువడిన ‘కె.జి.ఎఫ్.’ చలనచిత్రమును చూచి వచ్చువారు నల్లని నేలను, మసిగప్పిన ఆకాశమును వెదకికొందురు. ఇక్కడ నున్నది పాలిపోయిన మన్ను, విశాలమైన తెల్లని వెలుగు. ఆ చలనచిత్రములోని నరాచి యను గని కల్పితము, దిబ్బ నిజము. వేసవిలో గాలికి లేచు దీని ధూళి పరిసరవాసులకు చిరకాల బాధ. గీయువారు గాలి కెదురుగా దిబ్బచెంత కూర్చుండక, దూరమునుండియే గీయుట ఆరోగ్యమునకును చిత్రమునకును మేలు.

ఈ పట్టణమునకు 1894 లో బౌరింగ్‌పేటనుండి – నేటి బంగారుపేటనుండి – మారికుప్పమువఱకు రైలుశాఖ వేయబడినది. గనులు మూతబడినప్పటినుండి ఈ రైళ్లు ఉదయమున ఇక్కడివారిని బెంగుళూరు కొలువులకు కొనిపోయి రాత్రి తిరిగి తెచ్చుచున్నవి. ఒకప్పుడు క్రిందికి దిగిన జనము నేడు అడ్డముగా ప్రయాణించుచున్నది. కదలుచున్న పెట్టెలో, నిదురపోవు ప్రయాణికులను గీయుట రేఖాచిత్రకారుల కందఱకు ప్రియమైన అభ్యాసము. తెల్లవాఱుజాము మారికుప్పము బండి దానికి తగినది. పట్టణములో గీయదగిన మఱొక తావు రాబర్ట్‌సన్‌పేటలోని ఎం.జి. మార్కెట్టు; అక్కడ కన్నడము, తెలుగు, తమిళము అను మూడు భాషలు ఒకే బేరములో వినబడును.

శిలానిర్మాణములు:— జిల్లా కేంద్రమైన కోలారు గనులకంటె వేయియేండ్లు పెద్దది. తలకాడునకు పూర్వము గంగరాజులకు ‘కువలాల’ మను పేరుతో ఇదియే రాజధానిగా నుండెను. చోళులకాలపు కోలారమ్మ దేవాలయము ఎత్తైన విమానముతో చూపఱులను జడిపింపదు. నేలకు దగ్గఱగా, అడ్డముగా పఱచుకొని, బరువైన నల్లరాతి గోడలతో నుండును. లోపల చేలమ్మ యను తేళ్ల దేవత కలదు; ఆమె సన్నిధినున్న పురాతనమైన హుండీలో కానుక వేయువారు నేటికిని కలరు. గోడల అడుగున చోళశాసనములు చెక్కియున్నవి. బెంజమిన్ లూయిస్ రైస్ 1905 లో కోలారు జిల్లా శాసనములను ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదవ సంపుటముగా ప్రకటించెను. గీయువారు శాసనాక్షరములను అనుకరింప బూనకుండుట మేలు. అక్షరము తప్పిన శాసనము అబద్ధము పలుకును. పంక్తులు ఎన్ని, ఏ యెత్తున మొదలైనవి అనునంతవఱకు చూపినచో చాలును.

కోలారమ్మకు సమీపముననే యున్న సోమేశ్వరాలయము విజయనగరకాలపు పనితనమునకు ఉదాహరణము. ఈ రెంటిని ఒకే ఉదయమున వరుసగా గీసినవానికి, చోళుల గోడయొక్క మౌనమునకును విజయనగర స్తంభముయొక్క వాచాలత్వమునకును గల తేడా, చేతికి పట్టిన శ్రమవలననే బోధపడును. ఊరిలో హైదరాలీ తండ్రి ఫతే మహమ్మదు సమాధి కలదు. హైదరాలీ పుట్టినది బంగారుపేట సమీపమందలి బూదికోటలో. పడమట శతశృంగపర్వతములపై అంతరగంగ యను జలధార నందిముఖమునుండి సంవత్సరమంతయు కాఱుచుండును. అక్కడి గుండ్రని బండరాళ్ల గుంపులు తొలిపాఠమునకు తగినవి. రాతి పగులును గీత, రాతి గుండ్రదనమును నీడ – ఈ రెంటిని కలగలుపక వేసినవాడు సగము విద్య నేర్చినట్లే.

ముళబాగిలు తాలూకాలోని ఆవని క్షేత్రమున రామలింగేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వరాలయములు ఒకే ఆవరణమున నున్నవి. ఇవి పదవ శతాబ్దిలో ఈ సీమనేలిన నొలంబరాజుల నాటివి. వెనుక నున్న కొండమీద సీతాదేవి గుడి కలదు. లవకుశులు ఇక్కడ పుట్టిరని స్థలపురాణము. నా యెఱుకలో ఈ జిల్లా మొత్తముమీద ఒక్క దినమే గడపగలవారు గనులకు సగము, ఆవనికి సగము కేటాయించుట ఉత్తమము. కురుడుమలెలోని ఏకశిలా గణపతి, ముళబాగిలు ఆంజనేయస్వామి, శ్రీపాదరాయల బృందావనముగల నరసింహతీర్థము యాత్రికులతో నిండియుండును గనుక అక్కడ కట్టడములకంటె మనుష్యులను గీయుట సుకరము. పాలారుపై నున్న బేతమంగళము చెఱువు గనుల పట్టణమునకు నీరిచ్చినది. కమ్మసంద్రలోని కోటిలింగేశ్వరమున 108 అడుగుల లింగముచుట్టు లెక్కకు మిక్కిలిగా లింగములున్నవి. వాని నన్నింటిని గీయబూనుట వివేకము గాదు. పెదపల్లె వద్ద తలగడల యాకారమున గడ్డకట్టిన అతిపురాతన లావాను భూగర్భశాఖవారు జాతీయ స్మారకముగా ప్రకటించిరి. బంగారమునకు ఆశ్రయమైన శిలావలయపు పుట్టుకను నేలమీదనే చూపు తావు ఇది.

మాలూరు తాలూకాలోని శివారపట్టణమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఇక్కడి శిల్పులు నేటికిని దేవాలయములకు మూర్తులు చెక్కి పంపుచున్నారు. శిల్పి రాతిపై మొదట గీయు కొలతరేఖలను రేఖాచిత్రకారుడు తన పుస్తకములో గీసికొనుట – రేఖను రేఖతో గీయుట – ఎంతటి చిత్రకారునికైన విద్యాభ్యాసమే.

సంభాషణము:— ఈ జిల్లాలో, విశేషించి ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలో, తెలుగు ఇంటిభాషగా గలవారు పెక్కుమంది. కన్నడమున బడి చదువు, తెలుగున ఇంటిమాట, గనుల వాడలలో తమిళము – ఈ మూటిని ఒకే మనుష్యుడు పలుకుట ఇక్కడ వింత కాదు. కనుక తెలుగువాడు పుస్తకము తెఱచి కూర్చున్నచో పరాయివాడుగా నుండనక్కఱలేదు. కెమెరా యెత్తినవానిని చూచి ముఖము త్రిప్పుకొనువారు, గీయువాని వెనుక నిలిచి చూతురు. పదవీవిరమణ చేసిన గనికార్మికుడొకడు వచ్చి, చక్రము అటుకాదనియో, ఆ కిటికీవెనుక జీతములిచ్చు గదియుండెననియో, ఇక్కడనే సైరను మ్రోగెడిదనియో చెప్పినచో, గీయుట ఆపి వినవలెను. విన్నదానిని చిత్రపు అంచున వ్రాసికొనవలెను. కావలి సోదరులు మెకెంజీకి చేసిపెట్టిన పని సరిగా ఇదియే. చెప్పినవారి అనుమతి లేక వారి ముఖమును గాని, పేరును గాని ప్రకటించుట మాత్రము తగదు.

సామగ్రికై పెద్ద వ్యయ మక్కఱలేదు. గట్టి కాగితముగల చేతిపుస్తకము, నీటికి చెదరని సిరాగల కలము, ఒక మెత్తని పెన్సిలు, ఆఱు రంగుల చిన్న పెట్టె, నీరు, టోపీ చాలును. ఇచ్చటి నేలకు కావి, పసుపుమన్ను, బూడిదనీలము అను మూడు రంగులు కలిసిన నీడలే ఎక్కువగా పనికివచ్చును. పచ్చ తక్కువగా వ్యయమగును. నవంబరునుండి ఫిబ్రవరివఱకు వెలుగు వాలుగా పడి శిల్పమును స్పష్టముగా చూపును. సెప్టెంబరు, అక్టోబరు మాసములు వర్షములవి. మూతబడిన గనుల ఆవరణములలోనికి అనుమతి లేక పోరాదు. పాతషాఫ్టుల అంచులు నమ్మదగినవి కావు. వెలుపలి రోడ్డునుండి కనబడునదే కొన్నేండ్లకు చాలినంత కలదు.

ఈ విద్యకు పరిమితులును కలవు. రేఖాచిత్రము కొలతపటము కాదు. కూలిన గోడను తిరిగి కట్టుటకు అది చాలదు. సుందరమైనదానినే యెన్నుకొను దౌర్బల్యము చిత్రకారుల కందఱకు కలదు. తుప్పుపట్టిన ఇనుమును, పాడుపడిన బంగళాను రమణీయముగా చూపి, ప్రక్కనున్న నిరుద్యోగమును మఱచుట గనుల పట్టణములన్నింట జరుగుచున్న తప్పు. దీనికి విరుగుడు బయటివారి చేతిలో కంటె లోపలివారి చేతిలో నెక్కువగా నున్నది. ఇంగ్లండులోని ఆషింగ్‌టన్ బొగ్గుగని పనివారు 1934 లో చిత్రకళను గూర్చి ఒక ఉపాధ్యాయునిచే ఉపన్యాసములు విననారంభించి, వినుటతో తృప్తి పొందక తామే కుంచె పట్టి, తమ పెంపుడు పావురములను, గని చీకటిని చిత్రించి ప్రఖ్యాతులైరి. లైనులో పుట్టి పెరిగిన బాలుడు తన వాకిలిని తానే గీసినచో, బయటివాడు పది మాఱులు వచ్చినను చూడజాలనిది ఆ పుటలో నుండును. రాబర్ట్‌సన్‌పేట, చాంపియన్ రీఫ్ బడులలోని చిత్రలేఖనోపాధ్యాయులు పిల్లలకు నమూనాపటములలోని గుడిసెను, సూర్యోదయమును మాన్పించి, తాతగారు దిగిన షాఫ్టును గీయింపవలెను. ఆ చిత్రములను తేదీతో, లైను పేరుతో ఊరి గ్రంథాలయమున నుంచవలెను.

కుప్పము, పలమనేరు, మదనపల్లె ప్రాంతములలోని చిత్రకారులకు ఈ సీమ దగ్గఱ ప్రయాణమే. కోలారు శిలావలయము రాష్ట్రపు హద్దుతో ఆగదు. భారత్ గోల్డ్ మైన్స్ వారు త్రవ్విన చిగరగుంట, బిసానత్తము గనులు కుప్పము ప్రాంతమున ఆంధ్రదేశముననే యున్నవి, అవియు 2001 నాటికే మూతబడినవి. వానిని గీయుటకు హద్దు దాటవలసిన పనియు లేదు.